మూడు జతల పెట్టె

పాత నైలాన్ మేజోళ్ళ పెట్టె ఎప్పుడైనా చూశారా? వారపత్రికంత వెడల్పు, వేలెడు మందం. మూత తీస్తే పల్చటి టిష్యూ కాగితం, ఆ మడతల్లో మూడు జతలు. మూడే ఎందుకంటే, ఒకే రంగువి, ఒకే సైజువి ఆరు కొనిపెట్టుకుంటే రెండు చిరిగినా నాలుగు మిగులుతాయి. కుడి కాలిది, ఎడమ కాలిది అని తేడా లేదు కాబట్టి దేన్ని దేనితోనైనా జత కలుపుకోవచ్చు. ఒక్క జతే కొంటే ఒకటి చిరగ్గానే రెండోదీ దండగ. ఈ లెక్క ఫోన్లో మా అమ్మకు చెబితే, "అయితే దొరసానులూ మనలాగే ఆచితూచి ఖర్చు పెట్టేవాళ్ళన్నమాట" అంది.

మా మేడ మీద చిన్న గదిలో ఒక బీరువా నిండా ఇలాంటి పెట్టెలే. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు పట్టుచీరలనుకుని తలుపు తీస్తారు. తీశాక ఏమనాలో తెలియక మెల్లగా మూసేస్తారు. మా ఆడపడుచు మాత్రం మొహమాటపడలేదు. "వదినా, నువ్వు తొడుక్కోవు, ఎవరికీ ఇవ్వవు. డెబ్భై దాటాక దొరసానుల మేజోళ్ళు పోగెయ్యడం ఏం సరదా?" అని అడిగేసింది. ఆరోజు వంట హడావుడిలో ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్ లాలాగూడలో. నాన్నగారు రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. చుట్టుపక్కల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. బళ్ళో మాకు ఇంగ్లీషు చెప్పిన టీచరు కూడా వాళ్ళలోనే ఒకావిడ. మోకాళ్ళు దాటిన గౌను, మడమ ఎత్తున్న బూట్లు, కాళ్ళకు చర్మం రంగు మేజోళ్ళు. పిక్కల వెనక నిట్టనిలువుగా ఒక సన్నటి నల్ల గీత. ఆవిడ అటు తిరిగి బోర్డు మీద రాస్తుంటే క్లాసంతా చూసేది ఆ గీతనే. ఆవిడ రోజూ పొద్దున్నే కాటుకతో గీసుకుంటుందని మా బెంచీ వాళ్ళం. కాదు, ఇంగ్లీషు వాళ్ళకు పుట్టుకతోనే అలా ఉంటుందని వెనక బెంచీ వాళ్ళు. ఎవరికీ అడిగే ధైర్యం లేదు.

ఆ రోజుల్లోనే మనకూ నైలాన్ మోజు పట్టుకుంది. జడకు నైలాన్ రిబ్బను, పేరంటానికి నైలాన్ చీర. అమ్మకు నాన్నగారు నీలం మీద తెల్లపువ్వుల నైలాన్ చీర కొన్నారు. గంజి అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు, ఉతికి దులిపి ఆరేస్తే ఇట్టే ఆరిపోయేది. నాయనమ్మ మాత్రం ఆ చీరతో అమ్మను పొయ్యి దగ్గరకు రానిచ్చేది కాదు. నూలుచీరకు నిప్పంటుకుంటే లాగి పారెయ్యొచ్చు, ఇది కరిగి ఒంటికి అతుక్కుపోతుందని ఆవిడ భయం. ఆ భయంలో అబద్ధం లేదు.

1981లో మావారితో, చంకలో పాపతో డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్ వచ్చిపడ్డాను. ఆయన కెమికల్ ఇంజనీరు. వచ్చిన మొదటి వారంలోనే కారులో తిప్పుతూ, బ్రాండీవైన్ వాగు దగ్గర డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ వాళ్ళ పరిశోధనశాల, ఎక్స్‌పెరిమెంటల్ స్టేషన్ చూపించి, "మీ అమ్మ చీర ఇక్కడే పుట్టింది" అన్నారు. నవ్వుకున్నాను గానీ ఆ మాట నిజమే. 1935 ఫిబ్రవరి 28న వాలెస్ కరోదర్స్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం నైలాన్‌ను మొదటిసారి తయారు చేసింది అక్కడే. మొదట్లో ఆ కంపెనీ బతికింది తుపాకిమందు మీద. 1802లో ఆ వాగు ఒడ్డునే మందు మరలు పెట్టారు. ఆ చోటే ఇప్పుడు హాగ్లీ మ్యూజియం. కరోదర్స్‌ది విషాదం. మనోవ్యాధితో నలిగి 1937 ఏప్రిల్‌లో, నలభై ఒకటో ఏట ప్రాణం తీసుకున్నాడు. తన నైలాన్‌తో అల్లిన మేజోళ్ళు అంగడికి రావడం ఆయన చూడలేదు.

డెలావేర్ చలికి మేజోళ్ళు తప్పలేదు. అక్కడి తెలుగు ఆడవాళ్ళం అందరం చీరకింద అవే తొడుక్కునేవాళ్ళం. అప్పటికి కొట్లలో ఎక్కడ చూసినా నడుందాకా వచ్చే పాంటీహోజే. దానితో మాకు రెండు చిక్కులు. ఒకటి మెట్టెలు. మెట్టె అంచు ఎంత నునుపుగా ఉన్నా సాయంత్రానికి వేలు బయటికొచ్చేది, అక్కణ్ణించి చార పిక్కదాకా పాకేది. మెట్టెలు తీసేద్దామంటే మనసొప్పదు. రెండోది చెప్పులు. బొటనవేలి సందులో పట్టీ ఉండే చెప్పులు మేజోళ్ళతో పడవు. ఇక చీరకట్టి, కింద మేజోళ్ళు తొడిగి, పైన స్నీకర్లు వేసుకుని గుడికెళ్ళిన ఫొటోలు మా తరం ఇళ్ళన్నిటా ఉంటాయి. అవి చూసి మా అమ్మాయి ఇప్పటికీ పడీపడీ నవ్వుతుంది.

పాప కాస్త పెద్దదయ్యాక, క్రిస్మస్ రద్దీకి ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్లో మనుషులు కావాలంటే చేరాను. వేసింది మేజోళ్ళ కౌంటర్లో. కౌంటరు పెద్ద అరవై దాటిన ఒకావిడ. తెల్లజుట్టు ముడి, మెడలో గొలుసుకు కళ్ళద్దాలు, పెదవి విప్పితే పని మాటే. మొదటిరోజు నన్ను నిలబెట్టి, "ఉంగరాలు తియ్యి. గాజులు తియ్యి. గోళ్ళు చూపించు" అంది. గాజులు తియ్యనన్నాను. కాసేపు ఆలోచించి ఒక పొడవు గుడ్డపట్టీ తెచ్చి, మణికట్టు చుట్టూ గాజుల మీదుగా చుట్టేసింది. తర్వాత చేతులకు లోషన్ రాయించి, అది పూర్తిగా ఇంకిందాకా దేన్నీ ముట్టుకోనివ్వలేదు.

మేజోడు చూపించడం ఒక విద్య అని అప్పుడే తెలిసింది. రెండు చేతుల బొటనవేళ్ళతో అంచు నుంచి కుప్పగా కూర్చుకుంటూ మడమదాకా రావాలి. ఎడమచెయ్యి పిడికిలి బిగించి లోపలికి పంపాలి, బొటనవేలు లోపలికి ముడుచుకుని. అప్పుడు కుడిచేత్తో బట్టను మెల్లగా మోచేతి వైపు జారుస్తూ, లోపల పిడికిలి విప్పి, చేతి వెనకభాగం కొనేవాళ్ళ వైపు తిప్పాలి. వేళ్ళ సందుల్లో పల్చగా, కణుపుల మీద బిగువుగా కనబడుతుంది. ఆ ఒక్క చూపులో బట్ట నాణ్యం, రంగు రెండూ తెలిసిపోతాయి. ఆవిడ చేస్తుంటే ఒక్క పోగు కదిలేది కాదు. నేను చేస్తుంటే అలమరాలో నమూనాలు తరిగిపోయేవి.

రంగుల సంగతి ఒకటుంది. ‘న్యూడ్’ అని రాసి ఉన్నది నా చేతికి తొడిగితే బూడిద పూసుకున్నట్టు ఉండేది. ఎవరి ఒంటిరంగని ఆ పేరు పెట్టారో అక్కడే తెలిసిపోతోంది. కౌంటరు పెద్దావిడ అది చూసి ఏమీ అనకుండా ముదురు గోధుమ, కాఫీ రంగుల నమూనాలన్నీ నా వైపు అరలోకి మార్చింది. ఆ తర్వాత నల్లజాతి ఆడవాళ్ళు నేరుగా నా దగ్గరకే వచ్చేవాళ్ళు. ఆవిడ చెయ్యి మీద తేలనిది నా చెయ్యి మీద తేలేది.

అమ్మకాలు తక్కువగా ఉండే మధ్యాహ్నాల్లో కౌంటరు పెద్దావిడ పాత కబుర్లు చెప్పేది. 1939 అక్టోబరు 24. అప్పటికి ఆవిడకు పదిహేడేళ్ళు. ప్రపంచంలో మొట్టమొదటిసారి నైలాన్ మేజోళ్ళు జనానికి అమ్మింది విల్మింగ్టన్‌లోనే, అదీ ఊళ్ళోవాళ్ళకే. 4,000 జతలు కొన్ని గంటల్లో అయిపోయాయి. జత ధర 1.15 నుంచి 1.35 డాలర్లు. వాళ్ళమ్మ పనిమానుకుని వెళ్ళి నిలబడి ఒక జత తెచ్చుకుందట. తెచ్చి భోజనాల బల్ల మీద పరిస్తే ఇంటిల్లిపాదీ చేతులు కడుక్కుని వచ్చి ముట్టుకున్నారట. దాన్ని బొగ్గు, గాలి, నీళ్ళతో చేశారని అంతకు ఏడాది ముందే డ్యూపాంట్ ప్రకటించింది. "బొగ్గా! అయితే ఉతికితే నల్లబడుతుందేమో" అని వాళ్ళ నాన్న అన్నాడట.

దేశమంతటా అమ్మకం మొదలైంది 1940 మే 15న. మొదటి ఏడాది 6.4 కోట్ల జతలు అమ్ముడుపోయాయి. అంతకుముందు ఆడవాళ్ళు తొడిగేది పట్టు మేజోళ్ళు. ఆ పట్టు వచ్చేది జపాన్ నుంచి. 1941లో అది ఆగిపోయింది. 1942 మొదట్లో నైలాన్ కూడా యుద్ధానికి వెళ్ళిపోయింది. పారాచూట్లకు, తాళ్ళకు, విమానాల టైర్లకు. ఆ ఏడాది చివర్లో పాత మేజోళ్ళు, చిరిగినవైనా సరే, ఇవ్వమని ప్రభుత్వం అడిగింది. దుకాణాల్లో డబ్బాలు పెట్టారు. వాళ్ళమ్మ తన 1939 జతను ఆ డబ్బాలో వేసింది. వెయ్యబోయే ముందు ఉతికి, ఆరేసి, మడతపెట్టి మరీ వేసిందట. ఇది చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు కొంచెం మారేది.

మరి ఆ మూడేళ్ళూ ఏం చేశారంటే, కాళ్ళకు రంగు పూసుకున్నారు. సీసాల్లో అమ్మేవాళ్ళు. పూసుకున్నాక వెనక గీత ఏదీ? కనుబొమల పెన్సిలు తీసుకుని ఒకరి కాళ్ళ మీద ఒకరు గీసుకునేవాళ్ళు. ఇది విన్నప్పుడు నేను కౌంటరు పట్టుకుని నవ్వాను. లాలాగూడలో మా బెంచీ వాళ్ళం చెప్పుకున్న కాటుక కథ ఎక్కడో నిజంగానే జరిగింది!

యుద్ధం అయ్యాక మేజోళ్ళు మళ్ళీ వచ్చాయి గానీ చాలినన్ని రాలేదు. పిట్స్‌బర్గ్‌లో 13,000 జతలకు 40,000 మంది వరస కట్టారు, తోపులాటలు జరిగాయి. ఆవిడ ఉద్యోగంలో చేరింది ఆ రోజుల్లోనే. కౌంటరు అద్దం మీద మోకాళ్ళు పెట్టి ఎక్కబోయిన ఒక పాస్టరు గారి భార్య గురించి ఎంత అడిగినా పేరు చెప్పేది కాదు.

నా మొదటి పెట్టె ఆవిడ ఇచ్చిందే. స్టోరు వెనక గోదాం సర్దుతుంటే అట్టడుగున పాత సరుకు దొరికింది. దుమ్ముపట్టిన పెట్టెలు, లోపల సరుకు మాత్రం చెక్కుచెదరలేదు. పారెయ్యమన్నారు. ఆవిడ పారెయ్యలేదు. తనకు కొన్ని ఉంచుకుని ఒకటి నా చేతిలో పెట్టి, "ఇంటికెళ్ళి కిటికీ వెలుగులో చూడు" అంది.

చూశాను. అది పాంటీహోజ్ కాదు. విడివిడి కాళ్ళు, తొడ దాకా వస్తాయి. నడుముకు కట్టుకునే బెల్టు నుంచి వేలాడే క్లిప్పులకు పట్టించుకోవాలి. అంచున ముదురురంగు డబుల్ బట్ట. వెనక కిందినుంచి పైదాకా కుట్టు. ఆ కుట్టుకు అటూ ఇటూ, పిక్క సన్నబడే చోట, చిన్న చిన్న చుక్కలు వరసగా. అవి ఎందుకున్నాయో ఎంత చూసినా అంతుపట్టలేదు. పట్టకపోవడం వల్లే ఇంత దూరం వచ్చిందేమో ఈ పిచ్చి.

జవాబు పెన్సిల్వేనియాలో దొరికింది. అప్పట్లో న్యూజెర్సీ, డెలావేర్ తెలుగువాళ్ళకు రెడింగ్ ఊళ్ళో ఔట్‌లెట్ షాపింగ్ అంటే ఒక పండగ. నాలుగు కుటుంబాలు, రెండు వ్యాన్లు, పులిహోర, పెరుగన్నం. ఇండియా ప్రయాణం పెట్టుకుంటే చెప్పనే అక్కర్లేదు, జీన్సులూ టీషర్టులూ బస్తాలకు బస్తాలు. ఆ ఔట్‌లెట్ ఉన్న ఎర్ర ఇటుక భవనాలు ఒకప్పుడు బర్క్‌షైర్ నిట్టింగ్ మిల్స్ అని, ఇలాంటి మేజోళ్ళు అల్లడంలో ప్రపంచంలోకెల్లా పెద్ద మిల్లు అదేనని మాలో ఎవరికీ తెలియదు. దాన్ని పెట్టినవాళ్ళు ఫెర్డినాండ్ తున్, హెన్రీ జాన్సెన్ అనే ఇద్దరు జర్మన్ వలసదార్లు. మిల్లు కంటే ముందు 1892లో మిషన్ల కార్ఖానా పెట్టారు. వాళ్ళు చేసిన మేజోళ్ళ మిషను పేరు కూడా ‘రెడింగ్’ మిషనే.

ఒక ఆదివారం అక్కణ్ణించి వస్తూ ఆడమ్స్‌టౌన్‌లో పాతసామాన్ల సంత దగ్గర ఆగాం. ఆ ఊరంతా పాతసామాన్లే. ఒక బల్ల మీద మేజోళ్ళ పెట్టెలు కనబడ్డాయి. అమ్ముతున్న ముసలాయన వేళ్ళు వంకరపోయి ఉన్నాయి. నేను చుక్కల వైపు చూపించగానే కుర్చీ దగ్గరకు జరిపాడు. ముప్ఫై ఏళ్ళు ఆ మిల్లులోనే అల్లిక పని చేశాడట.

అతను చెప్పిందంతా నాకు చేతనైనట్టు చెబుతాను. ఈ రకం మేజోడు గొట్టంలా పుట్టదు. చదునుగా, పైనుంచి కిందికి, పరిచిన గుడ్డలా అల్లుతారు. వరసగా సూదులు, ప్రతి సూదికీ ఒక ఉచ్చు. తొడ దగ్గర వెడల్పు, పిక్క దగ్గర కొంచెం తక్కువ, చీలమండ దగ్గర బాగా తక్కువ. వెడల్పు తగ్గాలంటే అంచున ఉన్న ఉచ్చుల్ని మిషను ఎత్తి లోపలి సూదుల మీదకు జరుపుతుంది. అలా జరిపిన ప్రతిచోటా ఉచ్చు మీద ఉచ్చు పడి ఒక చుక్క మిగిలిపోతుంది. నేను చూసిన చుక్కలు అవే. బట్టను కత్తిరించకుండా కాలి ఆకారం తెచ్చారనడానికి అవే గుర్తు. అందుకే వీటిని ఫుల్లీ ఫాషన్డ్ అంటారు. ఒక్కో మిషను ఇల్లంత పొడవు, ముప్ఫై దాకా మేజోళ్ళు ఒకేసారి పక్కపక్కనే అల్లుతుంది. దాని ముందు అటూ ఇటూ నడుస్తూ తెగిన పోగు ఎక్కడుందా అని కనిపెట్టి చూసేవాడు నిట్టరు. ఆ పని మగవాళ్ళది.

మిషను మీంచి దిగింది చూస్తే మేజోడని ఎవరూ అనుకోరట. వేలాడే ముడతల గుడ్డ. అక్కణ్ణించి అంతా ఆడవాళ్ళ చేతులే. ఒకరు వేళ్ళ దగ్గర ఉచ్చుకు ఉచ్చు కలిపి మూస్తారు. ఇంకొకరు వెనక కుట్టు వేస్తారు. ఇంకొకరు కాలి ఆకారంలో ఉన్న అచ్చుకు తొడిగి ఆవిరి పట్టిస్తారు. నైలాన్‌కు వేడి తగిలితే ఆ ఆకారం గుర్తుంచుకుంటుంది, మళ్ళీ ఎన్నిసార్లు ఉతికినా పోదు. పట్టుకు లేని గుణం ఇది. ఆ తర్వాత రంగు. తర్వాత ఒకావిడ చెయ్యి లోపల పెట్టి లోపాలు వెతుకుతుంది. చివరికి పొడవూ రంగూ సరిపోయిన రెంటిని ఏరి జత కలిపే ఆవిడ. ఒకే తొట్టిలో రంగువేసినవి కూడా ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా వస్తాయట. ఆ తేడా పట్టే కళ్ళున్నవాళ్ళకు మిల్లులో గౌరవం ఎక్కువ.

అప్పుడతను పై అంచు పట్టుకుని తాళంచెవి కంతలా ఉన్న చిన్న ఖాళీ చూపించాడు. కుట్టు కిందినుంచి వచ్చి డబుల్ బట్ట అంచున ఆగే చోటు అది. కుట్టే ఆవిడ అక్కడ బట్టను తిప్పి, అంచును విడిగా ముగిస్తుంది. అందుకే ఆ ఖాళీ. తొడుక్కున్నప్పుడు అక్కడ కొంచెం సాగి బిగువు తగ్గుతుంది కూడా. "మా ఆవిడ సీమరు, అంటే ఆ కుట్టు వేసే మనిషి. తన కంత గుండ్రంగా వచ్చేది, పక్క మిషను ఆవిడది కోలగా వచ్చేది. పెట్టె తెరవగానే నాకు తెలిసిపోయేది" అన్నాడు.

ఆ మాట దగ్గర నేను పడిపోయాను. వారం వారం చిరిగిపోయి చెత్తబుట్టలో పడే వస్తువు. దానిలో ఇంతమంది చేతులు, పైగా ఎవరి చెయ్యి ఏదో గుర్తుపట్టగలిగేంత తేడా. నేను పోగేసేది అదే. కాళ్ళ అందం గురించి రాసేవాళ్ళు, ప్రకటనల్లో బొమ్మలు పోగేసేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ సరదా వాళ్ళది. నేను మాత్రం పెట్టె కొనగానే భూతద్దం పెట్టి ముందు ఆ కంత చూస్తాను.

పెట్టె మీద అంకెలు చదవడం కూడా మెల్లగా వచ్చింది. ‘51 గేజ్ 15 డెనియర్’ అంటే ఒకటిన్నర అంగుళాల మేర 51 సూదులతో అల్లారని, ఆ పోగు 9,000 మీటర్లు తూస్తే 15 గ్రాములని. డెనియర్ తగ్గేకొద్దీ పల్చన, గేజ్ పెరిగేకొద్దీ దట్టం. 30 డెనియర్ రోజువారీకి, 15 పార్టీలకు. సైజు పాదం పొడవు అంగుళాల్లో, ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా. బెల్ షార్మీర్ అనే కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి సన్నకాళ్ళకు బ్రెవ్, మధ్యరకానికి మోడైట్, పొడుగువాళ్ళకు డచెస్ అని పేర్లే పెట్టింది. లావు కాళ్ళకు ‘క్లాసిక్’! అమ్మడం తెలిసినవాళ్ళు.

మడమలు చూస్తే కూడా ముచ్చటేస్తుంది. నేలకు ఒరుసుకునే చోటు కాబట్టి అక్కడ పోగు దట్టంగా అల్లేవాళ్ళు. ఆ దట్టం బూటు పైకి కనబడుతుంది గనక దాన్నే సింగారం చేశారు. క్యూబన్ మడమ మెట్లు మెట్లుగా సన్నబడి పైన చదునుగా ఆగుతుంది. పాయింట్ మడమ మొనదేలి కుట్టులో కలిసిపోతుంది. నాకు క్యూబనే ఇష్టం. లేత గోధుమరంగు కాలిమీద నల్ల మడమ, నల్ల గీత ఉన్నవి చాలా ఖరీదు పలుకుతాయి, నకిలీలు కూడా వాటికే ఎక్కువ.

నకిలీ పట్టడం కష్టమేం కాదు. గొట్టంలా అల్లి, వెనక ఉత్తుత్తి కుట్టు వేసినవి బోలెడు. కుట్టు పక్కన చుక్కలుండవు, లేదా ఉన్నా వెడల్పు మాత్రం పైనుంచి కిందిదాకా ఒకటే. వేళ్ళతో అడ్డంగా లాగి చూడండి. పాతది పెద్దగా సాగదు, ఎందుకంటే అందులో సాగే పోగు లేదు. అందుకే తొడుక్కుంటే మోకాలి దగ్గర, చీలమండ దగ్గర సన్నటి ముడతలు పడతాయి. కొత్తవాళ్ళు అది లోపం అనుకుంటారు. నాకైతే ఆ ముడతలున్న పాత ఫొటోలే నిజంగా ఉన్నట్టుంటాయి.

దాచడంలో ఒక సుఖం, చిమ్మటలు ముట్టవు. వెలుగు తగిలితే మాత్రం నైలాన్ పెళుసెక్కుతుంది, తెల్లవి పసుపుబారతాయి. ఆమ్లం అసలే పడదు. బొగ్గుపొగ ఊళ్ళలో చిమ్నీల మసి కాలిమీద పడితే అక్కడికక్కడే కన్నాలు పడేవని కౌంటరు పెద్దావిడ చెప్పేది. పాత టిష్యూ కాగితంలోనూ ఆమ్లం ఉంటుంది కాబట్టి దాన్ని తీసి విడిగా దాచి, ఆమ్లం లేని కాగితం పెడతాను. పెట్టె, కాగితం, ధర చీటీ, ఏదీ పారెయ్యను. రబ్బరు బ్యాండు మాత్రం క్షణం కూడా ఉండనివ్వను. కరిగి అంటుకుపోతే ఇక వదలదు.

ఇవన్నీ ఎందుకు పోయాయో చెప్పాలంటే పెద్ద కథేం లేదు. గొట్టం అల్లిక మిషను వేగం, చవక. కుట్టులేని కాళ్ళే ఫాషనన్నారు. 1959లో నార్త్ కరోలినాలో గ్లెన్ రావెన్ మిల్స్ వాళ్ళు పాంటీహోజ్ తెచ్చారు. గౌన్లు మోకాళ్ళ పైకెక్కాక క్లిప్పులు కనబడకుండా ఉండాలంటే అదే దారి. 1970 నాటికి పాత మేజోళ్ళ అమ్మకాన్ని అది దాటేసింది. నేను వచ్చేసరికి హేన్స్ వాళ్ళు ‘లెగ్స్’ పేరుతో ప్లాస్టిక్ గుడ్డులో పెట్టి సూపర్ మార్కెట్లో, పాల పక్కన అమ్ముతున్నారు. మా ఇంట్లో ఆ గుడ్లు ఎన్ని ఉండేవో! ఒకదాంట్లో గవ్వలు, ఒకదాంట్లో అగరుబత్తి స్టాండు మేకులు, ఒకదాంట్లో మా అమ్మాయి ఊడిన పాలపళ్ళు. 1991లో ఆ గుడ్డు ఆపేశారు. ఇప్పుడు వాటిని కూడా పోగేసేవాళ్ళున్నారు. నా దగ్గర రెండు మిగిలాయి, అమ్మను.

స్మిత్సోనియన్ మ్యూజియంలో ఒక పెళ్ళిగౌను ఉంది, వాషింగ్టన్ వెళ్ళేవాళ్ళు తెలుసుకోవాలి. 1944లో చైనా మీద బి-29 విమానం ఇంజనుకు నిప్పంటుకుంటే ఒక పైలట్ నైలాన్ పారాచూట్‌తో దూకాడు. రాత్రంతా దాన్నే తలకిందా ఒంటిమీదా కప్పుకుని బతికాడు. ఇంటికి తెచ్చి, పెళ్ళాడబోయే అమ్మాయికి ఇచ్చాడు. ఆ అమ్మాయి దాన్ని గౌనుగా కుట్టించుకుంది, 1947లో పెళ్ళి. ఆ నైలాన్‌లో పాత మేజోళ్ళు కరిగించినవి కూడా ఉన్నాయో ఏమో అని మా కౌంటరు పెద్దావిడతో అంటే, వాళ్ళమ్మ జత అందులో ఉందనే అనుకుంటానని ఖరాఖండీగా చెప్పింది. సాక్ష్యం అడిగితే కళ్ళద్దాల మీదుగా చూసింది.

డెలావేర్‌లోనే సీఫర్డ్ ఊళ్ళో 1939 డిసెంబరులో మొదటి నైలాన్ ఫ్యాక్టరీ మొదలైంది. డ్యూపాంట్ తన నైలాన్ పోగు వ్యాపారాన్ని 2004లో అమ్మేసింది. రెడింగ్ ఔట్‌లెట్ కూడా ఇప్పుడు లేదు. పాత రెడింగ్ మిషన్లు మాత్రం ఇంకా కొన్ని తిరుగుతున్నాయి. ఇంగ్లండులో జియో, ఫ్రాన్స్‌లో సెర్వాన్ అనే సంస్థలు వాటిమీదే అల్లుతున్నాయి. మా అమ్మాయి నా పుట్టినరోజుకు ఒక జత తెప్పించింది. తెరవగానే భూతద్దం పెట్టాను. కంత చక్కగా ఉంది, కోలగా. ఎవరో ఇష్టంగా చేసిన పని.

ఆ రోజు పని నేర్పిన ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళ అబ్బాయి ఇల్లు ఖాళీ చేస్తూ మిగిలిన పెట్టెలన్నీ నాకే పంపించాడు. వాటిలో ఆవిడ చేతిరాతతో చీటీలున్నాయి. ఫలానా పండక్కి ఫలానావాళ్ళు కొని వాపసు తెచ్చారు, కారణం చెప్పలేదు. పాస్టరు గారి భార్య పేరు కూడా ఒక చీటీ మీద దొరికింది. నేను కూడా చెప్పను.

ఇంతాచేసి నా దగ్గర లేనిది ఒకటే, 1939 అక్టోబరులో విల్మింగ్టన్‌లో అమ్మిన ఆ మొదటి నాలుగువేల జతల్లోది. ఎక్కువభాగం ఆ డబ్బాల్లోకే పోయి ఉంటాయి. అయినా ఏ అటకమీదో ఒకటి ఉండకపోతుందా అని ఇల్లు అమ్మేవాళ్ళ సామాన్ల వేలం ఎక్కడున్నా వెళ్తుంటాను. మావారు కారులోనే కూర్చుని పేపరు చదువుకుంటారు. చేతిలో సంచీతో వస్తే "ఎంత?" అనరు, "ఏ అరలో పెడతావు?" అంటారు. బీరువా నిండిపోయింది మరి. చలికోట్లు పెట్టుకునే అల్మరా ఖాళీ చేయిద్దామని చూస్తున్నాను, ఆయనకింకా చెప్పలేదు.